రెండో షిఫ్టులో ఒక బెడ్డు

మా విజయక్క కిడ్నీలు లాక్‌డౌన్‌కు మూడేళ్ల ముందు పని మానేశాయి. ముందస్తు నోటీసు కూడా ఇవ్వలేదు. అప్పటికి బావ పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరలకు ఫాల్, పీకో కుట్టే చిన్న కొట్టు ఒకటుండేది. డాక్టరు గారు రిపోర్టులు చూసి, "వారానికి మూడుసార్లు మెషిన్ మీదికి రావాలమ్మా" అన్నారు. "ఎన్నాళ్లు సార్?" అని అక్క అడిగింది. ఆయన నా వైపు చూశారు. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను. ముగ్గురికీ అర్థమైంది.

నేను అక్కకు ఒక్కగానొక్క తమ్ముణ్ణి. దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షల పిల్లలకు రీజనింగ్ చెబుతాను. ఎనిమిది మంది గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుంటే ఎవరి పక్కన ఎవరున్నారో కనిపెట్టడం నా వృత్తి. అక్కను మీర్‌పేటలో మా ఇంటికి తెచ్చుకున్నాను. ఇల్లు రెండు గదులు, ఒక వంటగది. మేం నలుగురం: నేను, అక్క, మా ఆవిడ సునీత, మా పాప.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మాస్కులన్నీ బండి తుడిచే గుడ్డలైపోయాయి. జనం మర్చిపోయారు. రేపు ఇంకేదో జబ్బు రాకపోదు. అప్పుడు డయాలసిస్ మనిషి ఉన్న ఇంటికి పనికొస్తుందేమోనని. ఓదార్పు కోసం చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోతే మంచిది.

2020 మార్చి నుంచి

మా డయాలసిస్ సెంటర్ ఎల్బీ నగర్‌లో ఒక టైర్ల షాపు మీద, రెండో అంతస్తులో. మాది రెండో షిఫ్టు. పొద్దున షిఫ్టు వాళ్లు దిగాక పదకొండున్నరకు మొదలై సాయంత్రానికి అయిపోతుంది. లాక్‌డౌన్‌లో ఊరంతా బందయినా ఇది నడిచింది. నేను అక్కను బండి మీద కూర్చోబెట్టుకుని పోతుంటే పోలీసులు ఆపేవాళ్లు. అక్క కొంగు జరిపి ఎడమ చెయ్యి చూపించేది. సూదులు గుచ్చే ఆ చేతి మీద నరం తాడులాగా లేచి, ముట్టుకుంటే గుర్రుమంటూ ఉంటుంది. మొదటి రోజు ముట్టుకున్న కానిస్టేబుల్ రెండో రోజు నుంచి మమ్మల్ని దూరం నుంచే పొమ్మనేవాడు.

అక్క పక్క బెడ్డు యాదగిరిది. నల్గొండ దిక్కు మనిషి, ఆటో నడుపుతాడు. మెషిన్ లేని రోజుల్లో ఆటో, ఆటో లేని రోజుల్లో మెషిన్. "రెండింటికీ ఆదివారం సెలవు" అనేవాడు. ఆయన భార్య అంజమ్మ నాతో పాటు బయట బెంచీ మీద కూర్చునేది. రెండు బెడ్ల మధ్య మూరెడు దూరం. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి కాబట్టి అక్క, యాదగిరి ఒకళ్లనొకళ్లు ఆడిపోసుకుంటూ కాలం గడిపేవాళ్లు.

"ఏమక్కా, గీ రోజు ఎన్ని కిలోల నీళ్లు మోసుకొచ్చినవు?"

"నీకంటే తక్కువనే. నువ్వు ఒచ్చినవంటే మెట్ల మీద బిందె ఒచ్చినట్టుంటది."

డయాలసిస్ మనుషులకు నీళ్లే శత్రువు. తాగినవి బయటికి పోవు కాబట్టి రోజుకు ఒక చిన్న చెంబు దాటకూడదు. ఆ ఏడాది ఊళ్లో ప్రతివాడూ కషాయం తాగండి, వేణ్నీళ్లు తాగండి, కొబ్బరినీళ్లు తాగండి అని చెప్పేవాడు. ఆ సలహా పాటిస్తే మా వాళ్లకు కరోనా వచ్చే అవకాశమే లేదు. అంతకుముందే పోతారు.

తర్వాత గేటు దగ్గర వాచ్‌మన్ చేతికి జ్వరం చూసే తుపాకీ ఇచ్చారు. జ్వరమున్నవాళ్లను పైకి రానివ్వరు. కరోనా లేదని రిపోర్టు తెచ్చుకుని రావాలి. రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు. డయాలసిస్ తప్పిన మనిషికి ఆ రెండు మూడు రోజులు ఎట్లా గడుస్తాయో నియమం పెట్టినాయనకు తెలియక కాదు. పెట్టేటప్పుడు గుర్తురాలేదంతే.

రోగులు ఊరుకోరు కదా. వారం తిరక్కుండా మా షిఫ్టులో ఒక ఆచారం మొదలైంది. అక్కకు దాన్ని ఉపదేశించింది యాదగిరే.

"ఇంట్లకెళ్లి బయలెల్లే ముంగట ఒక పారాసెటమాల్ ఏసుకోవాలె అక్కా. జరమున్నా, లేకున్నా. హెల్మెట్ లెక్క."

"హెల్మెట్‌తోని నీ తలకాయ బాగుంటది. నువ్వు పోయి గుద్దినోని సంగతేంది?"

"వానికి వాడు పెట్టుకోవాలె" అన్నాడు యాదగిరి.

అందరూ పెట్టుకున్నారు. మాత్రకు పట్టే గుటకెడు నీళ్లు ఆ రోజు లెక్కలోంచి మినహాయించుకుని మరీ వేసుకునేవాళ్లు. టెక్నీషియన్ నరేష్‌కు తెలుసు. వాచ్‌మన్‌కు తెలుసు. దాదాపు ఏడాది పాటు మా రెండో షిఫ్టులో ఎవరికీ జ్వరం రాలేదు. దేశంలో అంత ఆరోగ్యమైన గది ఇంకొకటి ఉండి ఉండదు. మధ్యమధ్యలో ఎవరో ఒకరు రావడం మానేసేవారు, ఆ బెడ్డు మీదికి కొత్త మొహం వచ్చేది. ఫలానా ఆయన ఏమయ్యాడని బెంచీ మీద ఎవరూ అడగరు. వెయిటింగ్ రూముల్లో అది మర్యాద.

ఒక్క విషయం ఇక్కడే చెప్పాలి. డయాలసిస్ సెంటర్లో బెడ్డు ఖాళీ కావడానికి రెండే దారులు. ఒకటి, కిడ్నీ మార్పిడి. ఆ దారిన పోయినవాళ్లను మేం చూడలేదు.

2021 ఏప్రిల్

రెండోసారి కరోనా వచ్చినప్పుడు మీర్‌పేటలో మా వీధిలో రోజుకొక ఇంటి ముందు అంబులెన్సు ఆగేది. ఒక పొద్దున సునీత చేతి వెనక భాగంతో అక్క నుదురు తాకి చూసి, పోయి సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చింది. ఆమెది గుంటూరు.

"వదినగారికి ఒళ్లు కాలిపోతోందండీ. ఆ మాత్రేదో వేసేసి తీసుకెళ్లండి. అందరూ అదేగా చేసేది."

నేను మాత్ర ఇచ్చాను. అక్క తీసుకుని పిడికిట్లో పెట్టుకుంది. నీళ్ల గ్లాసు ముట్టలేదు. రాత్రంతా దగ్గిందని అప్పుడు చెప్పింది.

సెంటర్ కింద మెట్ల దగ్గర షిఫ్టు మొత్తం వరసగా నిలబడి ఉంది. యాదగిరి ఎప్పటిలాగే తన పక్కన చోటు ఖాళీ చేసి, "రా అక్కా" అన్నాడు. అక్క వెళ్లలేదు. దూరంగా టైర్ల పక్కన నిలబడింది. వాచ్‌మనే ఆమె దగ్గరికి వచ్చి తుపాకీ పెట్టి చూశాడు.

"మంచిగున్నది. పోరాదమ్మా" అన్నాడు.

"నాకు జరమున్నది."

"మిషన్ లేదంటున్నది."

"గట్లయితే మిషన్‌కే జరమొచ్చింది. నాకు రాత్రి నుంచి దగ్గు కూడ ఉన్నది. నరేష్‌ను పిలువు."

వాచ్‌మన్ నా వైపు చూశాడు, ఈమెను కాస్త ఊరుకోబెట్టమన్నట్టు. మేమిద్దరం ఆమె కంటే తెలివైనవాళ్లమే. కానీ అప్పటికి అందరూ విన్నారు.

యాదగిరి ముందుకొచ్చాడు. "ఏమక్కా, పిచ్చి లేసిందా?"

అక్క ఆయాసపడుతూ చెప్పింది: "నీ బెడ్డుకు, నా బెడ్డుకు మూరెడు సందు. రెండు సూదులు గుచ్చుకొని పండుకుంటవు. నేను నాలుగు గంటలు నీ మొకం మీద దగ్గుతుంటే లేసి ఏడికి ఉరుకుతవు రా?"

జవాబు మిగతావాళ్ల దగ్గర ఉంది. నరేష్ కిందికి వచ్చి పైవాళ్లకు ఫోన్ చేశాడు. లోపలంతా మందు కొట్టాలి కాబట్టి ఆ రోజు రెండో షిఫ్టు రద్దు, మర్నాడు రండి అని చెప్పారు. ఒక పెద్దాయన కొడుకు, చదువుకున్నవాడే, మెడలో ఐడీ కార్డు కూడా ఉంది, "సచ్చేటోళ్లు ఇంట్ల సావొచ్చు గద. మందిని సంపుడెందుకు?" అన్నాడు. అంజమ్మ అంత దూరం పోలేదు.

"మా ఆయనకు లోపల మూడు కిలోల నీళ్లున్నయి. రేపటిదాంక ఎవరు జిమ్మెదారి? నీ నీతి నీ కాడ పెట్టుకొని మాత్ర ఏసుకుంటే ఏం పోయేదక్కా?"

అక్క పిడికిలి తెరిచి చూసుకుంది. మాత్ర చెమటకు కరిగి చేతికి అంటుకుని ఉంది.

తిరిగి వస్తుంటే బండి మీద నా వెనక నుంచి, "కోపమొచ్చిందారా తమ్మీ?" అని అడిగింది. లేదన్నాను. వచ్చింది. యాదగిరి ప్రాణం గురించి నాకు ఆ పూట పెద్దగా ఆసక్తి లేదు.

తర్వాతి మూడు రోజులు

ఇక్కడి నుంచి నా వృత్తికి సంబంధించిన భాగం. అక్కకు కరోనా ఉందని తేలితే ఊళ్లోని పెద్ద సర్కారు దవాఖానలో మెషిన్ ఉంది. లేదని తేలితే ఎల్బీ నగర్‌లో మా మెషిన్ ఉంది. తేలేదాకా ఎక్కడా లేదు. కాబట్టి ఈ నగరంలో డయాలసిస్ దొరకనిది ఒక్క రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నవాడికే. నేను పదిహేనేళ్లుగా ఇట్లాంటి లెక్కలే పిల్లలకిచ్చి, చివర 'ఏదీ కాదు' అనే ఆప్షన్ పెడుతున్నాను.

ముక్కులో పుల్ల పెట్టించుకుని ఇంటికి వచ్చేసరికి ఇల్లుగల్లాయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"సార్, ఏమనుకోవద్దు. మీ అక్కను మా మెట్ల మీదికెళ్లి తీస్కపోవద్దు."

"ఇంకో మెట్లున్నాయా సార్?"

"లేవు."

"మరెట్లా సార్?"

"గది మీరే చూస్కోవాలె" అన్నాడు. చూసుకున్నాం. ఆయన లోపలికి పోయిందాకా నిలబడి, ఆ మెట్ల మీది నుంచే ఎక్కాం.

సునీత పాపను తీసుకుని వంటగదిలోకి మారింది. పరుపు స్టవ్ పక్కన వేసుకుంది. తలుపు కొద్దిగా తెరిచి నాతో మాట్లాడింది. "మీ అక్కని చూసుకోండి, నేను వద్దనను. కానీ పిల్ల దగ్గరికి రాకండి. మీరు కూడా."

"ఎన్ని రోజులు?"

"అది నన్నడుగుతారేంటండీ?"

ఆ మూడు రోజుల్లో మేం మాట్లాడుకున్నవన్నీ రాయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. రోగి ఉన్న ఇంటికి పనికొచ్చేది ఒకటి మాత్రం రాస్తాను. సునీత తలుపు చాటు నుంచే, కూరగాయలు ముక్కలు కోసి, రెండుసార్లు ఉడకబెట్టి, నీళ్లు వంచేసి, చప్పటి కూర చేసి గడప దగ్గర పెట్టేది. డయాలసిస్ వాళ్ల కూర అట్లాగే చెయ్యాలి, లేకపోతే అందులోని ఉప్పులు గుండెకు పోతాయి. అంత భయంలోనూ, అంత కోపంలోనూ ఒక్క పూట కూడా రెండో ఉడుకు ఎగ్గొట్టలేదు. అక్క తినలేదనుకోండి.

రెండో రోజు నుంచి అక్క పడుకోలేకపోయింది. పడుకుంటే ఊపిరి అందదు. గోడకానుకుని కూర్చుంటే, ఊపిరి తీసినప్పుడల్లా లోపల కుండలో నీళ్లు కదిలినట్టు చప్పుడు. కాళ్లు పొంగి నిగనిగలాడాయి. దాహం. ఒక ఐసు ముక్క ఇస్తే దాన్ని నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకునేది. అయిపోయాక ఇంకోటి అడిగేది కాదు, గిన్నె వైపు చూసేది. నేను గిన్నె తీసి కిటికీ అవతల పెట్టాను. ఆ చూపు గురించి రాయను.

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్లో రిపోర్టు వచ్చింది. పాజిటివ్. "దేవుడా, థాంక్స్" అన్నాను. నిజంగానే అన్నాను. సునీత తలుపు సందులోంచి నన్ను చూసి మళ్లీ తలుపు వేసుకుంది.

అంబులెన్సులు లేవు. ఉన్నవాళ్లు ఫోన్ ఎత్తలేదు. క్యాబ్ బుక్ చేసి, పేషెంటు అని చెప్పగానే క్యాన్సిల్. నరేష్‌కు ఫోన్ చేస్తే చూస్తానన్నాడు. అరగంటకు కింద ఆటో హారన్ వినిపించింది.

యాదగిరి. ఆయన సీటుకూ వెనక సీటుకూ మధ్య, అప్పట్లో అన్ని ఆటోల్లో ఉన్నట్టే, ఒక ప్లాస్టిక్ కవరు కట్టి ఉంది. ఒక పక్క చినిగి గాలికి కొట్టుకుంటోంది.

అక్క మెట్ల మీద నుంచే చూసింది. "వాణ్ని పొమ్మను" అంది నాతో.

"మీటర్ ఏసిన" అన్నాడు యాదగిరి. "నువ్వు మాట్లాడితే ఎక్కువైతది. ఎక్కు."

"గంత సేసింది… నీ కోసమే గదరా."

"ఎవరు సెయ్యమన్నరు? షిఫ్టు బందు చేపిచ్చినవు. నాకు రాత్రంత నిద్ర లేదు. బాగయి రా, నీ సంగతి అప్పుడు చెప్త."

ఎక్కాం. నేను వద్దనలేదు. ఈ దేశంలో ఆ పూట మమ్మల్ని ఎక్కించుకున్న బండి అదొక్కటే.

సైదాబాద్ మీదుగా పోతున్నంతసేపూ రోడ్లు ఖాళీ. అక్క నా భుజం మీద తల పెట్టి నోటితో గాలి పీలుస్తోంది. యాదగిరి అద్దంలో చూస్తూ ఆమెతో కొట్లాటకు దిగుతూనే ఉన్నాడు. నిద్రపోనివ్వకూడదని.

"అక్కా, పీకోకు ఇప్పుడెంత తీస్కుంటున్నరు? మా ఆమెకు ఫాల్ కుట్టిచ్చేదున్నది."

అక్క చెయ్యి ఊపింది, కుడతానన్నట్టో, పోరా అన్నట్టో.

దవాఖాన గేటు దగ్గర ఆటోల్లో, కార్లలో, ఒక ట్రాలీ బండిలో కూడా మనుషులు పడి ఉన్నారు. మా వంతు వచ్చేసరికి చీకటి పడింది. స్ట్రెచర్ వచ్చింది గానీ మోసేవాడు ఒక్కడే. యాదగిరి దిగి, సూదుల చెయ్యి బరువు మొయ్యకూడదు కాబట్టి ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడి చేత్తో అక్క కాళ్లు పట్టి ఎత్తాడు. ఆ ఎత్తడంలో మాస్కు గడ్డం కిందికి జారింది. నేను చూశాను. నా రెండు చేతులూ అక్క చంకల కింద ఉన్నాయి.

మే

లోపలికి మనల్ని రానివ్వరు. దవాఖాన బయట చెట్టు కింద, ఫోను చేత్తో పట్టుకుని ఉండటమే మన పని. మైకులో పేర్లు పిలిచేవాళ్లు. పిలిచింది మందుల కోసమా, మనిషిని తీసుకుపోవడానికా అనేది పోతే గానీ తెలియదు. నా పక్కన కూర్చున్న ఒకాయన ప్రతి పేరుకూ లేచి, తనది కాదని కూర్చునేవాడు. ఒకసారి లేచి మళ్లీ రాలేదు. ఆయన టిఫిన్ డబ్బా అక్కడే ఉండిపోయింది.

అక్క బతికింది. లోపల మెషిన్ పెట్టారు, నీళ్లు లాగారు, ఆక్సిజన్ పెట్టారు. పక్కవాళ్లు పోతుంటే చూస్తూ పడుకుంది. వాటి గురించి ఇప్పటికీ ఏమీ చెప్పదు. ఒక్కసారి మాత్రం, "మంచిగ చూసిన్రు. దుప్పట్లు తెల్లగుండె" అంది.

తర్వాత నెగటివ్ వచ్చింది. నెగటివ్ వచ్చిందని తలపట్టుకున్న కుటుంబం ఆ ఏడాది మాదొక్కటేనేమో. కరోనా ఉన్నంతసేపే ఆ దవాఖానలో మెషిన్. లేదు కాబట్టి డిశ్చార్జి. నేను ఎల్బీ నగర్‌కు ఫోన్ చేశాను.

"నీ బెడ్డు ఇంకొకళ్లకు ఇచ్చినం అన్నా" అన్నాడు నరేష్. గొంతులో సిగ్గుంది. "ఎన్నిరోజులని ఆపాలె? పైనోళ్లు ఆగరు. నీ ముంగట ఇంకా ఇద్దరున్నరు."

"మరి మేమేం చెయ్యాలి?"

"ఖాళీ అయితే ఫోన్ చేస్త."

ఊళ్లో ఏ సెంటర్‌కు పోయినా అదే మాట. కరోనా వచ్చి పోయిన మనిషంటే ఇంకో అడుగు వెనక్కి వేసేవాళ్లు. ఎక్కడో ఎవరికో జ్వరమొచ్చి రాని రోజున మాకు రెండు గంటలు దొరికేవి. అబ్దుల్లాపూర్‌మెట్ దాటి కూడా పోయాం, ఒకసారి రెండు గంటల కోసం. రెండు గంటలంటే, మునిగిపోయేవాణ్ణి జుట్టు పట్టి లేపి, ఊపిరి పీల్చుకోనిచ్చి, మళ్లీ వదలడం. అక్క మళ్లీ గోడకానుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. నేను మళ్లీ ఐసు గిన్నె కిటికీ అవతల పెట్టాను.

పొద్దున్నే లేచి నరేష్‌కు ఫోన్ చెయ్యడం నా దినచర్య. బెడ్డు ఖాళీ అయిందా అన్న మాట మేమిద్దరం ఎప్పుడూ పూర్తిగా అనేవాళ్లం కాదు.

"నరేష్, ఏమన్నా…"

"లేదన్నా ఇంకా."

"సరే, మంచిది."

మంచిదేమిటో నాకే తెలియదు. పెట్టేశాక అక్క అడిగేది: "ఏమంటడు?"

"అందరూ బాగానే ఉన్నారట."

"అయ్యో" అంది ఒక రోజు.

ఇద్దరం నవ్వాం. నవ్వాక కాసేపు ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోలేదు.

యాదగిరి మొదట్లో అక్కకు రోజూ ఫోన్ చేసేవాడు. "నీ బెడ్డుల ఒకామె ఒచ్చింది అక్కా, నాలుగు గంటలు కోడలిని తిడ్తది. నీ తిట్లే నయముండె." తర్వాత ఒకసారి, జర నలతగ ఉంది అన్నాడు. తర్వాత అంజమ్మ ఎత్తడం మొదలుపెట్టింది. పండుకున్నడక్కా, అనేది. ఆ తర్వాత ఆమె కూడా ఎత్తలేదు.

పొద్దున్నే నరేష్‌కు ఫోన్ చెయ్యడం మాత్రం ఇద్దరం మర్చిపోలేదు.

ఒక సాయంత్రం నరేష్ తనే చేశాడు.

"అన్నా, రేపు అక్కను తీస్కరా. రెండో షిఫ్టు."

"మా ముందు ఇద్దరున్నారన్నావు?"

"వాళ్లు…" అని ఆగాడు. "వాళ్లకిప్పుడు అక్కర లేదన్నా."

"ఖాళీ అయింది ఎవరిది?"

"అడగకన్నా. రేపు రాకుంటే ఎనకున్నోళ్లకు ఇస్తరు."

అయినా చివరికి చెప్పాడు. యాదగిరి జ్వరంతోనే రెండు సార్లు మాత్ర వేసుకుని వచ్చాడట. తుపాకీ ఏమీ అనలేదట. మూడోసారి మెట్లెక్కలేకపోయాడట.

లోపలికి పోయి అక్కకు చెప్పాను. ఆమె గోడ మీద తల ఆనించింది.

"నాతోనే అంటిందా?" అంది.

నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. ఆయన ఆటోలో రోజూ ఎంతమంది ఎక్కుతారు, ఆ బెంచీ మీద ఎంతమంది మాత్రలు వేసుకుని కూర్చుంటారు, పక్క బెడ్డు కొత్తామె ఎక్కడి నుంచి వచ్చింది, అందులో మన వంతు ఎంత అని విడమరిచి చెప్పాను. బాగానే చెప్పాను. క్లాసులో అయితే పిల్లలు రాసుకునేవాళ్లు.

"నీ లెక్కలు పరీక్షలకు చెప్పుకో" అంది అక్క. ఇంకో నాలుగు ఊపిర్లు తీసుకుంది. తర్వాత అడిగింది:

"ఎన్ని గంటలకు రమ్మన్నడు?"

మర్నాడు

వాచ్‌మన్ తుపాకీ పెట్టి చూసి ఏమీ చదవకుండా పొమ్మన్నాడు. బెంచీ మీద సగం కొత్త మొహాలు. పాతవాళ్లు అక్కను గుర్తుపట్టి కొంచెం కొంచెంగా జరిగారు. ఐడీ కార్డు అబ్బాయి లేడు, వాళ్ల నాన్నా లేడు. ఎక్కడని నేను అడగలేదు.

నరేష్ మమ్మల్ని పాత చోటుకు కాకుండా చివర కిటికీ పక్క బెడ్డుకు తీసుకుపోయాడు. అక్క దాని ముందు కాసేపు నిలబడి, తర్వాత ఎక్కి పడుకుంది. సూదులు గుచ్చారు. మెషిన్ తిరగడం మొదలైంది. గొట్టాల్లో రక్తం పైకి లేచింది. ఆ రోజు నన్ను లోపల స్టూలు మీద కూర్చోనిచ్చారు, మనిషి మరీ నీరసంగా ఉందని.

"ఫోన్ తియ్యి. అంజమ్మకు కలుపు" అంది అక్క.

"ఇప్పుడొద్దక్కా."

"కలుపు."

కలిపి, స్పీకరు పెట్టి ఆమె నోటి దగ్గర పట్టుకున్నాను. అటు అంజమ్మ ఎత్తింది. వెనకాల ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు.

"అంజమ్మా, నేను విజయను."

"చెప్పక్కా."

"సెంటర్‌ల ఉన్న. నాకు బెడ్డు దొరికింది."

గిన్నెల చప్పుడు ఆగింది.

"ఏది? కిటికీ కాడిదా?"

"కిటికీ కాడిదే."

నేను ఫోన్ కట్టయిందేమోనని చూశాను. కాలేదు. అక్క క్షమించమనలేదు. అంటుందేమోనని నేను భయపడ్డాను.

"నువ్వు పోయినంక ఆ కొత్తామె పక్కన ఉండనని గక్కడికి మార్పిచ్చుకున్నడు" అంది అంజమ్మ చివరికి. గొంతు మామూలుగానే ఉంది. "రెండు దాటితే ఎండ తిన్నగ మొకం మీద పడ్తదక్కా. ఏమన్న కప్పుకో. లేకుంటే తలకాయ నొస్తది."

"సరే" అంది అక్క.

"పెట్టేస్త మరి. ఇంట్ల చుట్టాలున్నరు."

రెండు దాటింది. ఎండ వచ్చింది. ఆమె చెప్పినట్టే, వేరే ఎక్కడా పడకుండా, ఆ ఒక్క దిండు మీదే పడింది. అక్క మంచి చేత్తో కొంగు లాక్కుని మొహం నిండా కప్పుకుంది. తెల్ల చీర. పక్క బెడ్డు మీది కొత్తాయన తల తిప్పి చూసి, గబుక్కున మళ్లీ అటు తిప్పుకున్నాడు.

"కొంచెం కిందికి దించుకో అక్కా" అన్నాను. "చూసేవాళ్లు భయపడుతున్నారు."

వినిపించుకోలేదు.

గుమ్మం దగ్గర నుంచి సిస్టర్ చూసింది. చేతిలో ట్రే అక్కడే పెట్టేసి, పరుగులాంటి నడకతో వచ్చి, రెండు వేళ్లతో కొంగు ఎత్తి చూసింది.

అక్క ఎండకు కళ్లు చిట్లించింది.

"ఎండకు ఏసుకున్న సిస్టర్" అంది. "కప్పెయ్."

సిస్టర్ ఒక్క క్షణం ఆగి, మళ్లీ కప్పింది.